అధోజ్ఞాపిక

కాలువ శిస్తుల మీద ఏడేళ్లు రాశాను.
చదివినవాళ్లు ముగ్గురు,
మా గైడుగారిని కలుపుకుంటే.
అందులో నూట పన్నెండో పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో
ర్యాలి నీలాయమ్మ:
నీరు రాని చేనుకు శిస్తు కట్టనన్న మనిషి.
తర్వాతి కాగితం చెదలు తినేసింది.

ఆవిణ్ణి వీక్లీలోకి తెచ్చాను.
ముప్ఫై నాలుగు వారాలు.
కాలేజీలో నమస్కారాలు తగ్గాయి.
మండపేట అద్దె పుస్తకాల కొట్టులో
నా నవలకి గోనెదారంతో కుట్లు పడ్డాయి.

నిన్న కోటిపల్లి పంటు మీద
ఖాళీ చేపలగంప బోర్లించి కూర్చున్నావిడ
నన్నెరగక, పక్కనున్న పిల్లనడిగింది:
"ఇంతకీ కట్టిందంటావా?"
"ఏమోనండి. పెళ్లయిపోయింది, శుభం."
"అదేంటే! మరి చేనేమైంది?"

నా వైవాలో ఎవరూ వేయని ప్రశ్న.
రేవు వచ్చేదాకా
నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాను.