గురవయ్య బతాకా

జలీబ్ ముస్తౌసఫ్‌లో నేల తుడిచే పని నాది.
పదకొండేండ్లకు ఫినాయిల్ వాసనతో పాటు
అరబ్బీ గూడా చేతులకంటింది.
మనోళ్లెవరన్నా వస్తే చాలు
టికెట్ల కిటికీలో పిల్ల "యా మస్తానమ్మా" అని కేకేస్తుంది.
మాపు గోడకానించి పోతాను.

జరం, దగ్గు, తలనొప్పి, ఇవి సులువు.
"కడుపులో దేవినట్టుందక్కా" అంటాడు రాజంపేట వంటోడు.
దేవడాన్ని అరబ్బీలోకి ఎట్ల ఎత్తాల?
బొడ్డు మీద చెయ్యిపెట్టి గుండ్రంగా తిప్పి చూపిస్తా.
"గుండెల్లో గుబులుగా ఉంది" అంటుంది
ఆరిండ్ల బట్టలు ఇస్త్రీ చేసే సుబ్బనరసమ్మ.
మిసిరీ డాక్టరు ఈసీజీ తీయిస్తాడు.
గీతలన్నీ సక్కంగానే వస్తాయి.
గుబులు ఆ కాగితంలో పడదు.

కిటికీ మొదట అడిగేది
యాడ నొస్తాందని కాదు, బతాకా ఏదని.
అకామా ఉంటే బీమా.
బీమా ఉంటే నంబరు.
నంబరుంటే డాక్టరు, సూది, సంచినిండా మాత్రలు.
కఫీలు అకామా కొట్టియ్యకపోతే
కంప్యూటర్లో మనిషే లేడు.
లేని మనిషికి జరమెట్లొస్తాది?

పెంచలయ్య లేడు. రెండేండ్లుగా లేడు.
ఊర్లో మటుకు ఉన్నాడు,
ట్రంకుపెట్టెలో, చీరల కింద, ఆరోగ్యశ్రీ కార్డు మీద,
మీసాలు నల్లగా ఉన్నప్పటి ఫొటోలో.
ఆ కార్డుకు తిరపతి దాకా కండ్లు కనపడతాయి.
సముద్రం ఆనదు.

గురవయ్య ఉన్నాడు. ఏటేటా బీమా కట్టి మరీ ఉన్నాడు.
"నాకు పడిశం గూడా పట్టదు, నువ్వే వాడుకో అన్నా" అని
తన బతాకా తీసి పెంచలయ్య జోబీలో పెట్టినాడు.
కార్డులో మీసం, ముందర మీసం.
రాత్రి షిఫ్టులో అంతకంటే ఎవురు చూస్తారు?

పెంచలయ్య సుగరు గురవయ్య పేరు మీదికెక్కింది.
తర్వాత టైల్సు పరిచే నాగసుబ్బన్న నడుము.
ఆమీద చిట్వేలోడి కిడ్నీలో రాయి.
"ఇతనే గురవయ్య" అని
మూడుసార్లూ చెప్పింది నేనే.
తుడిచిన తడి ఆరకముందే చెప్పినా, నాలుక తడబడలా.
రూములో గురవయ్య పడీపడీ నవ్వేవోడు:
"గుండ్రాయి మాదిరున్నా,
కంప్యూటర్లో మంచం పట్టినానంట సూడండ్రా!"

మొన్నాదివారం గురవయ్యే వచ్చినాడు.
చొక్కా తడిసి వీపుకంటుకుని,
ఎడమచెయ్యిని కుడిచేత్తో బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని,
తన బతాకాతో, తానే, మొట్టమొదటిసారి.

డాక్టరు తెర చూస్తున్నాడు. మనిషిని చూడ్డంలా.
సుగరుకు మాత్రలు మానేసినావా?
నడుంనొప్పి చేతికి పాకిందా?
రాయి పడిపోయిందా లేదా?
గురవయ్య నా దిక్కు చూసినాడు.

నోరు తెరిస్తే ముగ్గురికి మందులుండవు.
నాకు పని ఉండదు.
తెరవకపోతే

పదకొండేండ్ల అరబ్బీ గొంతులో ఎండిపోయింది.
వచ్చిన నాలుగు ముక్కలే ఏరుకున్నా.
సుగరు ఇతనిది కాదు.
నడుము ఇతనిది కాదు. రాయి ఇతనిది కాదు.
ఈ నొప్పి మటుకు ఇతనిదే, డాక్టర్.

ఆయన అద్దాలు తీసినాడు.
నన్ను చూసినాడు, నా చేతిలో మాపు చూసినాడు.
ఏమీ అడగలా.
తెరను గోడ పక్కకు తిప్పేసి
గురవయ్య రొమ్ము మీద చెయ్యేసినాడు.

అంబులెన్సు పోయినాక
చక్రాల గీతలు తుడుస్తావున్నా.
బయట ఏసీ నీళ్లు కారేకాడ పెంచలయ్య,
ఖాళీ మాత్రల రేకు చేతిలో.
"బతాకా ఏదక్కా?"

దాని మనిషితో పోయింది, అన్నా.