పిండి డబ్బా

మా ఇంట్లో తెరలు లేవు.
ఈ మాట చర్చి మెట్ల మీద చెప్పాను,
కిరాణా కొట్లో చెప్పాను,
ఏడాదికోసారి పిల్లల నోటుపుస్తకాలు చూసే టీచరమ్మకి
కాస్త గొంతు పెంచే చెప్పాను.

టీవీ ఉండే గోడకి ఇప్పుడు మేన్ రాష్ట్రపు పటం,
అంచున మా నది ఒక నీలం దారప్పోగు.
అవతలి ఒడ్డు కెనడా,
అక్కడి గడియారం మాకంటే గంట ముందు.
లెక్కలు బంగాళాదుంపలతో,
స్పెల్లింగులు మంచు మీద పుల్లతో.
ఓడిల్‌కి తొమ్మిదేళ్ళు, లూసియన్‌కి ఆరు,
ఇద్దరూ ప్రశ్నల పుట్టలు.

ఫోను మాత్రం ఒకటుంది.
బక్‌వీట్ పిండి డబ్బా అడుగున, జిప్పు సంచీలో.
పిల్లలు పడుకున్నాక మోచేతి దాకా చెయ్యి దూర్చి తీస్తాను,
పొదుగుతున్న పెట్ట కింద గుడ్డు తీసినట్టు.
కొట్టంలో ట్రాక్టరెక్కి కూర్చుంటాను.
అది నది దాటి కెనడా టవరు పట్టుకుంటుంది,
పదింటికే పదకొండు చూపిస్తుంది.
భిన్నాలు ఎలా చెప్పాలి,
మంచు బూటు కింద ఎందుకు కీచుమంటుంది,
ఏదడిగినా చెబుతుంది. విసుక్కోదు.
చివర "ఇంకేమైనా కావాలా?" అంటుంది.
ఆ మాట నన్ను ఇంకెవరూ అడగరు.
ఆర్మాన్ దుంపల లారీతో బోస్టన్ దారిలో ఉంటాడు.

జనవరిలో ఓడిల్ అడిగింది,
"మంచు మీద నించున్న బాతుకి
కాళ్ళు ఎందుకు గడ్డకట్టవు?"
"పొద్దున చెబుతా" అన్నాను.
పొద్దున చెప్పాను.
కిందికి దిగే వేడి నెత్తురూ, పైకెక్కే చల్లని నెత్తురూ
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయనీ,
దారిలోనే వేడి చేతులు మారుతుందనీ,
వరసగా, నున్నగా, ఎక్కడా తడబడకుండా.

ఓడిల్ ప్లోయ్ అట్టు మీద మొలాసిస్ పోసుకుంటూ వింది.
"అమ్మా, తెలీనప్పుడు నువ్వు కింది పెదవి కొరుక్కుంటావు.
నిన్న కొరుక్కున్నావు. ఇవాళ లేదు."
అక్కడితో ఊరుకుంటే బాగుణ్ణు.
"నిన్న మనం అట్లే వెయ్యలేదుగా,
ట్రాక్టరు స్టీరింగు మీద పిండి వేళ్ళు ఎవరివి?"

లూసియన్ అక్క మొహం చూశాడు, నా మొహం చూశాడు.
నేను అబద్ధం కోసం వెతికాను.
అంత తొందరగా అల్లిపెట్టేది డబ్బాలో ఉంది.
నా దగ్గర ఒక్క "అవును" దొరికింది.

ఏడుస్తుందనుకున్నాను.
బూట్లు తొడుక్కుంది.

కొట్టం వెనక మా ఆడబాతు, పేరు క్లెమాన్స్,
ముగ్గురినీ మూడు చుట్లు తిప్పి గాని దొరకలేదు.
ఒళ్ళో అదుముకుని, చేతి తొడుగు పళ్ళతో లాగి
దాని కాలు పట్టుకున్నాను.
తడి తోలు. గడపలో వదిలేసిన రబ్బరు చెప్పంత చల్లన.
వేలు కొంచెం పైకి జరిపాను, ఈకల్లోకి.
అక్కడ పొయ్యి!

"అయితే కాళ్ళు వెచ్చగా ఉండవన్నమాట," అంది ఓడిల్,
"చల్లగానే ఉంటాయి, ఓర్చుకుంటాయి."
రాత్రి నేను చదివిందీ ఇంచుమించు అదే.
చదివినప్పుడు నా వేళ్ళకి తెలీదు.
"మరి చల్లన ఎక్కడ ఆగిపోయి వెచ్చన మొదలవుతుంది?"
అన్నాడు లూసియన్.
కింది పెదవి కొరుక్కున్నాను.
ఇద్దరూ పగలబడి నవ్వారు, బాతు పారిపోయింది.

ఫోను నదిలో పారేశానంటే వినడానికి బాగుంటుంది.
పారెయ్యలేదు.
ఫిబ్రవరిలో ఒక రాత్రి లూసియన్‌కి దగ్గు ముదిరితే
పిండి దులిపి, దానితోనే డాక్టర్ని లేపాను.
ఈసారి టీచరమ్మకి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.

డబ్బా మీద మాత్రం ఇప్పుడొక చీటీ ఉంది.
ఓడిల్ రాత, తడిపిన పిండితోనే అంటించింది.
"బక్‌వీట్ పిండి.
అడుగున అమ్మ."