వాలు

ఫ్రిజ్ తలుపొకటి మోటారుసైకిల్ వెనక కట్టుకొని
త్సెరెన్‌హంద్ నా వెల్డింగ్ కొట్టుకొచ్చింది.
తలుపు మీద ఇంకా ఒక ఆపిల్ బొమ్మ,
ఎవరో పిల్లలు సగం గోకి వదిలేసిన ఆపిల్.
"దీన్ని కాలువ చెయ్యాలి" అంది.
అంతకుమించి మాట్లాడలేదు.

పోయిన చలికాలం ఆవిడ మందలో
మూడొందల పద్నాలుగు గొర్రెలు
నిలబడ్డవి నిలబడ్డట్టే బిగుసుకుపోయాయి.
మిగిలినవి పదకొండు.
ఇప్పుడు వాటికి పేర్లు పెట్టుకుందట.
ఇదివరకు అంత తీరిక ఎక్కడిది?

నేను రెంచీల మనిషిని.
బంగారం గురించి నాకు తెలిసింది ఒక్కటే,
దానంత బద్ధకం దేనికీ లేదు.
నీళ్ళు తోస్తుంటే ఇసక పరిగెడుతుంది,
గులకరాయి గొణుక్కుంటూ దొర్లుతుంది,
అభ్రకం తళుక్కుమంటూ ఊరేగుతుంది.
బంగారం మాత్రం దొరికిన మొదటి గుంటలో
కాళ్ళు చాపుకొని కూర్చుంటుంది.
గుంటలు చెయ్యడమే మన పని.

తలుపు రేకు రెండు వైపులా పైకి వంచాను.
లోపలి నురుగు గోకితే
పచ్చపచ్చగా పొడి రాలింది.
"చూశావా, అప్పుడే దొరికింది" అన్నాను.
నవ్వలేదు.
తర్వాత, చాలా తర్వాత,
ఇంకెక్కడో పాన పట్టుకొని నిలబడి
ఉన్నట్టుండి నవ్వింది.

అడ్డుపట్టీలకి బడి హాస్టలు మంచాల కమ్ములు.
జల్లెడకి రష్యన్ వ్యాను ముందరి జాలీ.
బట్టలుతికే మిషను పంపు,
అది తాగడానికి చిరుగుల ఫైరింజను గొట్టం,
చిరుగుకో సైకిల్ ట్యూబు కట్టు.
ఒక్కటీ ఇంకోదాని కోసం పుట్టలేదు.
బోల్టులు బిగిస్తే కాసేపు కీచులాడుకొని
చుట్టాల్లా సర్దుకున్నాయి.

"అడుగున పరవడానికి నూగున్నది కావాలి" అన్నాను.
మర్నాడు కార్పెట్ తెచ్చింది.
ఎర్రటిది, నాలుగు మూలలా నాలుగు జింకలు.
గుడారంలో మంచం వెనక వేలాడేది, పెళ్ళినాటిది.
పాత గోనె చాలు, ఉండు, అంటూనే ఉన్నాను,
ఉన్ని కత్తెర తీసింది,
ఈ ఏడు పని లేక తుప్పు పట్టిన కత్తెర.
ఒక జింక కాళ్ళు అక్కడే మిగిలాయి,
తల కాలువలోకి వచ్చింది.

షర్ వాగు దగ్గర ముందు పాలు చల్లింది,
గరిటెతో, నాలుగు దిక్కులకీ.
తవ్విన చెయ్యిని నేల మరిచిపోదని
మా అమ్మ అంటుండేది.
నేను వాగు వైపు చూడకుండా స్పార్క్ ప్లగ్ తుడిచాను.

ఇక మిగిలింది వాలు.
ఎక్కువైతే బంగారమూ కొట్టుకుపోతుంది,
తక్కువైతే ఇసకా ఉండిపోతుంది.
కొలబద్ద లేదు.
ఉప్పు టీ గిన్నె కాలువ తలలో పెట్టి
మెల్లగా ఎత్తమన్నాను.
టీ అంచుదాకా వచ్చి, పొర్లబోయి, ఆగింది.
"అక్కడ. అక్కడే రాయి పెట్టు."
తర్వాత ఆ టీ ఇద్దరం తాగాం, చల్లారింది.

తొమ్మిదో రోజు సాయంత్రం కార్పెట్ తీశాం.
మిగతావాళ్ళు కాల్చేస్తారు,
నూగులో ఇరుక్కున్నది బూడిదలో దొరుకుతుంది.
నేనూ అగ్గిపెట్టె తీశాను.
లాక్కొని పక్కన పెట్టి
ఆకుపచ్చ ప్లాస్టిక్ బేసిన్‌లో
మూడుసార్లు ఉతికింది, సబ్బేసి,
పసిబిడ్డ తల రుద్దినట్టు.
తూకంరాళ్ళు పోగొట్టుకున్న వ్యాపారి
అగ్గిపుల్లలతో తూచాడు.
ఆరు పుల్లల బరువు.
నా కూలి ఒక పుల్ల.
ఇంకా అమ్మలేదు, అగ్గిపెట్టెలోనే ఉంది,
సిగరెట్ వెలిగించినప్పుడల్లా జాగ్రత్తగా వెతుక్కుంటాను.

జింక తలని మళ్ళీ కాళ్ళకి కుట్టేసింది,
కాస్త వంకరగా. ఇప్పుడది వెనక్కి చూస్తున్నట్టుంటుంది.
మెడ దగ్గర ఏదో మెరుస్తోందని
కూతురు ఉర్గమల్ అంటుంది.
సరిగ్గా పోని సబ్బు అంటుంది తల్లి.
నన్ను తీర్పు చెప్పమన్నారు.
వెల్డింగ్ అద్దం దించుకొని
చాలాసేపు చూశాను.