పెన్సిల్ గీతలు

మా బూత్‌లో పదకొండు వందల నలభై మూడు పేర్లు.
జాబితా జిరాక్సు తీయించి
మార్జిన్‌లో గీతలు పెట్టడం నా పని.
నిలువు గీత మనోడు, అడ్డ గీత అవతలోడు,
సున్నా అంటే ఇంకా ఉడకలేదని.
పెన్ను వాడొద్దని మొదటి ఎలక్షన్‌లోనే చెప్పాడు
షిప్‌యార్డు యూనియన్ సన్యాసిరావు గారు.
"మనుషుల మీద సిరా నిలవదురా గవరయ్యా,
వేలి మీదైనా నెల్రోజులే."

ఇరవయ్యారేళ్లు.
మల్కాపురంలో గేటు చప్పుడు విని
లోపల ఏ జెండా ఉందో చెప్పగలనని నా పొగరు.
బయటి జెండాల్ని నమ్మడానికి లేదు,
రిఫైనరీ మసి పది రోజుల్లో
అన్నిటినీ ఒకే రంగులోకి తెచ్చేస్తుంది.

క్వార్టర్స్ వరస ఒకప్పుడు తేలిక.
సైరన్ కూసినట్టే ఓటు పడేది
అందరిదీ ఒకేసారి, ఒకే వైపు.
ఇప్పుడు రిటైరైన ఫిట్టర్లు
పెన్షన్ లెక్క ఒకటి, కులం లెక్క ఒకటి,
కొడుకు కాంట్రాక్టు గేట్‌పాసు లెక్క ఇంకొకటి వేసుకుని
మూడూ కలవక
అర్ధరాత్రి దాకా అరుగు మీద చుట్ట కాలుస్తారు.
ఏటి మావా అంటే "సూద్దారి" అంటారు.
సూద్దారికి నా దగ్గర గుర్తు లేదు.

గరికిన పోలమ్మ తట్ట దించకుండానే మాట్లాడుతుంది.
"వచ్చినోళ్లందరికీ ఏత్తాననే సెప్తాను బావూ,
గుమ్మంలోకొచ్చినోణ్ణి కాదని అంపుతామేటి?
చేపల బజారుకి షెడ్డేత్తామన్నోళ్లు ముగ్గురు,
ముగ్గురికీ ఒక్కోపాలి ఏసినాను.
ఎండొక్కటే మాట తప్పనేదు."

టైలర్ సోంబాబు
రెండు పార్టీల కండువాలూ అదే మిషను మీద కుడతాడు,
రీలు మార్చి, కాలు ఆపకుండా.
ఒక ఏడు నిలువు గీత పెట్టాను,
మరో ఏడు దాని మీదే అడ్డం గీశాను.
చూస్తే కూడిక గుర్తయింది.
అతనొక్కడే ఆ సీజన్లో లాభపడ్డది.

వీధి చివర కొత్త అపార్ట్‌మెంటు.
లిఫ్టులో దేశం మొత్తం గెలిపించి ఓడిస్తారు.
పోలింగు సెలవు సోమవారం పడిందంటే
శనివారమే అరకు బయల్దేరతారు.
వాచ్‌మన్ లచ్చుము ఓటేమో పాలకొండ అవతల ఊళ్లో,
బస్సు పైకెక్కి మరీ పోతాడు.
ఆ రోజు ఆ గేటుకి
కుక్కే ప్రతినిధి.

ఈసారి లెక్కింపు నాడు
నా పుస్తకంలో ఆరు వందల పన్నెండు.
మిషన్‌లో మూడు వందల తొంభై ఎనిమిది.

రెండు వందల పద్నాలుగు మంది
నాకు టీలిచ్చినోళ్లు, కుర్చీ తుడిచేసినోళ్లు,
"మీరు రావాలా గవరయ్యగారూ, మాకు తెలీదా" అన్నోళ్లు.
కోపం రాలేదు. ముందు సిగ్గేసింది,
తర్వాత ఎందుకో
మా వీధి మీద కాస్త గౌరవం కలిగింది.

రాత్రి ట్యూబ్‌లైటు కింద
వరసన చెరుపుకుంటూ వస్తున్నాను.
క్రమసంఖ్య నాలుగు వందల ఏడు దగ్గర
వెనకనించి మా ఆవిడ సూరీడమ్మ ఆగింది.
"నా పేరు పక్కన ఏటెట్టినావు?"
"గీత."
"ఏ గీత?"
"నిలువుదే."
"అడిగినావా?"

ఇరవయ్యారేళ్లలో అన్ని గుమ్మాలూ తట్టాను.
మా వంటగదికి గుమ్మమే ఉందనుకోలేదు.

చెరిపాను. ఏళ్ల తరబడి ఒత్తి గీసే చెయ్యి కదా,
రబ్బరు పోయినా గాడి పోలేదు.
ఇప్పుడైనా అడుగుదామని నోరు తెరిచేసరికి
పొలుసులంటిన ఎడమచెయ్యి చూపించింది.
చూపుడువేలి గోరు మీద నల్లచార
సగం పైకి పెరిగి ఉంది.
"అయిపోనాది గదా" అని
మళ్లీ కానాగంతల వైపు తిరిగింది.