ఆరో నంబరు డ్రయ్యర్

దయ్యానికి పాడుబడ్డ బంగళా ఎందుకంది యస్నా.
ఇది గాలికి జనం వీధిలో తాళ్ళు పట్టుకు నడిచే ఊరు,
పుంతా అరేనాస్.
ఇక్కడ తలుపు దానంతటది కొట్టుకుంటే
ఎవడూ తల కూడా తిప్పడు.
మనకి వెలుగు ఎక్కువున్న చోటు కావాలి,
సబ్బు వాసనేసే చోటు,
భయానికి దాక్కోడానికి మూలే దొరకని చోటు.

అలా మా ఓవిదియో మామ లాండ్రీ కుదిరింది.
రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా, ఊరికే.
పోయేముందు నేల తుడవాలి. అదొక్కటే షరతు.

తొమ్మిది నిమిషాల సినిమా.
రాత్రి కాపలా ఉండే ఆవిడ
ఆరో నంబరు డ్రయ్యర్ తెరుస్తుంది.
ఎవరూ వెయ్యని బట్ట ఒకటి, వెచ్చగా.
మొదటి రాత్రి బొటనవేలంత మేజోడు.
తర్వాత బడి చొక్కా. మోకాలు చిరిగిన లాగు.
రాత్రికో కొలత చొప్పున
లోపల ఎవడో పెరుగుతున్నాడు.
ఆమె మడతపెడుతుంది, పేరుస్తుంది,
ఎవరికీ చెప్పదు.
ఆఖరికి మగవాడి ఊలు స్వెట్టర్,
అంత వేడిలోంచీ తడితడిగా,
ఉప్పునీళ్ళు కారుతూ.

ఆ తడి కోసం బకెట్లో అరకిలో ఉప్పు కలిపాం.
స్వెట్టర్ పాతబట్టల గుట్టలో దొరికింది.
రెండు వేల పెసోలన్నాడు,
బేరమాడితే పదిహేను వందలకిచ్చాడు.

నాది చప్పుళ్ళ పని.
నాలుగు రాత్రులు మైకు అద్దానికి ఆనించి కూర్చున్నాను.
ఖాళీ డ్రమ్ము గిరగిరా తిరుగుతుంటే
పస్తున్నవాడి పొట్టలా ఉంటుంది ఆ చప్పుడు.
స్వెట్టర్ వేసి తిప్పినప్పుడు మాత్రం
చుట్టుకోసారి
టక్.
బావుంది, ఉంచెయ్, అంది యస్నా.
ఉంచేశాను.

మున్సిపల్ వ్యాయామశాలలో
బాస్కెట్‌బాల్ రింగు కింద తెర కట్టాం.
అరవాల్సిన చోటల్లా అరిచారు.
యస్నా సంతోషం పట్టలేక నా మోచెయ్యి గిల్లింది.
స్వెట్టర్ వచ్చినప్పుడు
వెనక నుంచి మూడో వరసలో ఒక ముసలావిడ లేచింది.
బాత్రూముకేమో అనుకున్నాం.
ఆవిడ కదల్లేదు.
లైట్లు వేశాక కూడా అలాగే నిలబడి ఉంది.

మోచేతి దగ్గర చూడండి, పచ్చదారం, అంది.
ఆ రోజు నల్లదారం అయిపోయింది.
వాడు తొందరపెడుతున్నాడు,
సెంతోయా పీతల పడవ నాలుగింటికే కదులుతుందని.
పచ్చదానితోనే కుట్టేశాను.

పదహారు చలికాలాలైందట.
ఎవరో అడిగారు, అడక్కుండా ఉండాల్సింది:
పోతూ ఇంట్లో వదిలేసి పోయాడా, అమ్మా?

వేసుకునే వెళ్ళాడు.

అంతే.
చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు
ఎక్కడివక్కడ ఆగాయి.
దోన్యా ఎర్మిందా, యస్నా పిలిచింది,
ఇంకేం పిలవాలో తెలీక.
ఆవిడ అడిగింది ఒక్కటే: ఆ ముక్క మళ్ళీ వెయ్యండి.
వేశాం.
మళ్ళీ అంది. మళ్ళీ వేశాం.
ఎవరూ అరవలేదు.
మూడోసారి టక్ మన్నప్పుడు
తలుపు ఎవరో తడుతున్నారా అన్నట్టు
ఆవిడ తల కొంచెం పక్కకి వంచింది.

మర్నాడు స్వెట్టర్ తీసుకెళ్ళి ఇచ్చాను.
ముక్కుకి ఆనించుకుని ఎంతసేపో వదల్లేదు.
ఇంకా ఉప్పు వాసన, అంది.
ఆ ఉప్పు మాదే,
మూలమీది కొట్లో కొన్నదే,
రసీదు నా జేబులోనే ఉంది.
చెప్పలేకపోయాను.
టీ ఇచ్చింది, తాగాను.

అక్కడికి పోయేముందు, నా గదిలో,
స్వెట్టర్ని మంచం మీద పరిచి వెతికాను
లోపలా బయటా, కుట్టు కుట్టూ.
గుండీల్లేవు.
జేబుల్లేవు.

ఓవిదియో మామ ఆరో నంబరుకి
చెడిపోయిందని కాగితం అంటించాడు.
చెడిపోలేదు.
ఇప్పటికీ పోయేముందు నేల తుడుస్తాడు,
దాని ముందు కాస్త ఎక్కువసేపు.