కొసరు

మాటోజిన్యోష్ చేపల బజారులో
నలభై ఏళ్లు తూకం వేసిన గ్రాసియెత్
ఇప్పుడు తన ఒంటి నీళ్లు తనే కొలుచుకుంటోంది.

నడుముపట్టీకి పిన్నీసుతో తగిలించిన
రెండు ప్లాస్టిక్ బుడ్డీలు.
కుడిది నలభై. ఎడమది డెబ్బై అయిదు.
నిన్న డెబ్బయ్యే.
ముప్పైకి దిగితేనే గొట్టాలు తీస్తానన్నాడు డాక్టరు.

స్నానానికి వాటిని మెడలో వేసుకుంటుంది,
వల తాడుతో.
కుట్టులో ఒక మూల ఇంకా నోరు తెరిచే ఉంది,
అడిగిందే అడిగే పిల్లలా.

పక్కింటి అడొజిందా సూప్ గిన్నె దించి,
"వేలాడే చర్మమేగా, ఈ వయసులో ఎందుకీ కోత?"
"ఒంగితే నాకు నా కాళ్లు కనబడాలి."

అయిదో వారం.
కుడివైపు గొట్టం పోయింది.
ఎడమది: ముప్పై ఒకటి.

సార్డీన్లయితే
ఆ ఒక్కటీ కొసరు కింద వదిలేసేది.
బుడ్డీని వెలుతురుకెత్తి మళ్లీ చూసింది.

ముప్పై ఒకటి అనే రాసింది.