తనకు తాను ఇచ్చుకున్న చిరునామా

అచావో రేవు నుంచి అపియావ్ దీవికి
పడవలో రెండు గంటలు. వానలో అయితే ఇంకాస్త.
ఆరోగ్యకేంద్రం కంప్యూటరు
మూడు వారాలుగా మూలుగుతోందని కబురొస్తే
స్క్రూడ్రైవర్లూ ఒక పెన్‌డ్రైవూ సంచిలో వేసుకొచ్చాను.

పొద్దున్నే మొత్తం చెరిపేశాను,
కొత్త సిస్టం ఎక్కించాను.
సున్నం వేసిన గోడలా తెల్లగా లేచింది.
నర్సు ఎర్మెలిందా చప్పట్లు కొట్టింది.
ఆ చప్పట్లు ఆగకముందే చూశాను:
కింద మూలన చిన్న భూగోళం,
దాని మీద అడ్డగీత.

కేబుల్ బిగువుగానే ఉంది.
రౌటర్ దీపాలు నాలుగూ వెలుగుతున్నాయి.
కంప్యూటరుకే
తనకో నెట్‌వర్క్ కార్డు ఉన్న సంగతి గుర్తులేదు.
కార్డు గుర్తురావాలంటే డ్రైవరు కావాలి,
డ్రైవరు దిగాలంటే ఇంటర్నెట్ కావాలి.
పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు,
పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు.

చెరిపేముందు ఆ ఒక్క ఫైలూ పక్కన పెట్టుకోండని
ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే.
ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేశాను.
విప్పితే కాలిన వాసన దారి చూపేది.
దీనికి వాసన లేదు.

"నాలుగింటికి పడవ" అంది ఎర్మెలిందా కిటికీలోంచి చూస్తూ.
ఆమె అంటున్నది పడవ గురించి కాదు.
ఇన్సులిన్ జాబితా ఈలోగా కాస్త్రోకు చేరకపోతే
వచ్చేవారం పెట్టెలు రావు.
జాబితాలో తొమ్మిది పేర్లు.
ఒకటి, పడవ నడిపే కుస్తోదియోది.

ఫోనుకి సిగ్నల్ దొరికేది ఒక్కచోటే,
బంగాళాదుంపల చేను దాటి, గొర్రెల కంచె దాటి, గట్టు మీద.
పెట్టె మూత తీసి, బోర్డు మీది నంబరు
ఎర్మెలిందా కూతురు యారిత్సా అరచేతిలో పెన్నుతో రాశాను.
పదకొండేళ్ల పిల్ల, అమ్మ ఫోను పట్టుకుని
వానలో పరుగెత్తింది.

గంట తర్వాత తడిసి ముద్దయి వచ్చింది.
"చివరి అంకె చెరిగిపోయింది.
ఎనిమిదో మూడో తెలియలేదు.
రెండూ తెచ్చాను."

మొదటిది ఎక్కలేదు. రెండోది ఎక్కింది.
అడ్డగీత పోయి పసుపుపచ్చ గుర్తు వచ్చింది.
చిరునామా చూద్దును కదా,
నూట అరవైతొమ్మిదితో మొదలైంది.
రౌటర్ని అడిగి, అడిగి, జవాబు రాక
తనకు తానే ఒకటి ఇచ్చుకుంది, పాపం.
దీవి కొసన ఎవారిస్తో ఉండేవాడు.
తలుపు మీద తానే సుద్దతో ఏడో నంబరు రాసుకున్నాడు.
ఆ దారిలో ఇంకో ఇల్లే లేదు.

రౌటర్ ఆపి ముప్పై లెక్కపెట్టమన్నాను.
యారిత్సా పైకి లెక్కపెట్టింది.
ఇరవై రెండు దగ్గర నేను స్విచ్చి వేయబోతే
చేయి పట్టుకుంది.

ఈసారి అసలైన చిరునామా వచ్చింది.
అయినా ఏ పేజీ తెరిచినా
ఇది నమ్మదగినది కాదంటుంది.
అప్పుడు కనబడింది గడియారం:
రెండువేల పదకొండు, జనవరి ఒకటి.
బోర్డు మీది బొత్తాం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.
ఇంకా పుట్టని ధ్రువపత్రాలను
ఎలా నమ్మమంటావని దాని వాదన.
"అప్పటికి నేనూ పుట్టలేదు"
అంటూ యారిత్సా ఇవాళ్టి తేదీ కొట్టింది.

పేజీ తెరుచుకుంది.
మూడూ యాభై రెండుకు జాబితా వెళ్లింది.
ఎర్మెలిందా ఏమీ అనలేదు,
కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకుంది.

సంచి మూస్తుంటే తెర నీలంగా మారింది.
అప్‌డేట్లు వస్తున్నాయి. ఆపవద్దు. రెండు శాతం.
పొద్దుట్నుంచీ ముగ్గురం కాళ్లు పట్టుకుని ప్రపంచాన్ని పిలిస్తే
అది వచ్చి అన్న మొదటి మాట:
కాస్త ఆగండి.

రేవులో కుస్తోదియో హారన్ కొట్టాడు.
మళ్లీ కొట్టాడు.
కిటికీలోంచి చేయెత్తి వెళ్లిపొమ్మన్నాను.
ఎర్మెలిందా పొయ్యిమీద దుంపలు పడేసింది.
ఐదు శాతం.
యారిత్సా అరచేయి దీపం దగ్గర పెట్టి చూసుకుంటోంది.
"ఎనిమిదే" అంది.